రైలెక్కాక మొదలయ్యే కడుపునొప్పి

(తిరుపతిలో హోటళ్ళు, మెస్సులు, టిఫిన్ బండ్లు నడిపేవారి కోసం జరిగిన శిక్షణలో, క్యాటరింగ్ విద్యార్థులకు సూక్ష్మజీవశాస్త్రం చెప్పే ఒక అధ్యాపకురాలి ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అక్షరబద్ధం చేశాం.)

అందరికీ నమస్కారం. పొద్దుటి బేరం వదులుకుని వచ్చినవాళ్ళున్నారు, మధ్యాహ్నం భోజనాల వేళకు పరిగెత్తాల్సినవాళ్ళున్నారు. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోను.

ఇందాక బయట టీ తాగుతూ మీలో కొందరితో మాట్లాడాను. అందరిదీ ఒకటే మాట. "మేడమ్, ఇన్నేళ్ళుగా నడుపుతున్నాం. మీ దగ్గర తిని కడుపు చెడిందని ఒక్కరు కూడా వచ్చి అడిగింది లేదు." నమ్ముతాను. అయితే ఆ మాట పలమనేరులోనో పుత్తూరులోనో మెస్సు నడిపేవాళ్ళంటే దానికి కొంత బరువుంటుంది. అక్కడ తినేది ఆ వీధి మేష్టరు, పక్క బ్యాంకులో గుమాస్తా. రాత్రి వాంతులైతే తెల్లారి వచ్చి గల్లాపెట్టె ముందు నిలబడి కడిగేస్తారు. మరి మన దగ్గర తినేదెవరు? కొండ దిగినవాళ్ళు. దర్శనమైంది, గుండు గీయించుకున్నారు, లడ్డూలు సంచిలో ఉన్నాయి. బస్టాండు దగ్గరో స్టేషన్ ఎదురుగానో నాలుగు ఇడ్లీలు తిని, దారికని పెరుగన్నం పొట్లాలు కట్టించుకుని బండెక్కేస్తారు.

ఇప్పుడు జబ్బుల లెక్క చూడండి. పాచి అన్నంలో పుట్టే ఒక రకం విషానికి గంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. పెద్ద డేగిశాలో నిలవున్న మాంసం కూరలో పెరిగే క్రిమికైతే ఆరు నుంచి ఇరవై నాలుగు గంటలు. కోడిగుడ్డు, కోడిమాంసంతో వచ్చే సాల్మొనెల్లాకి ఆరు గంటలు పట్టొచ్చు, మూడు రోజులూ పట్టొచ్చు. టైఫాయిడ్ బయటపడేది వారం దాటాకే, కొందరికి మూడు వారాలు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ అయితే నెల తర్వాత. అంటే మీ పెరుగన్నం తిన్న మనిషికి కడుపులో తిప్పేసరికి ఆయన కాట్పాడి దాటేశాడు, లేదంటే గుంతకల్లులో ఉన్నాడు. ఆయన తిట్టుకునేది రైల్లో తాగిన టీని. (నవ్వులు)

నవ్వడానికి బాగానే ఉంది. కానీ దీనర్థం ఏమిటంటే, వంటలో తప్పు జరిగినా మనకు కబురు అందదు. వేరే ఊళ్ళో గిరాకీ వచ్చి చెప్పే సంగతిని ఇక్కడ మనకు మనమే కనిపెట్టుకోవాలి. ఈ చట్టాలు, పుస్తకంలో రాసుకోవడాలు, థర్మామీటర్లు అన్నీ అందుకే. అధికారి వస్తాడని కాదు.

చట్టం గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింది నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు 1954 నాటి కల్తీ నిరోధక చట్టం ఉండేది. పేరులోనే ఉంది, దాని చూపంతా కల్తీ మీదే. కొత్త చట్టం మన వంటింట్లోకే వచ్చింది. లైసెన్సుల నిబంధనల చివర నాలుగో షెడ్యూలు అని ఒకటుంది. నేల ఎట్లుండాలి, నీళ్ళెట్లుండాలి, వండినది ఎంత వేడిలో ఉంచాలి, పనివాళ్ళ గోళ్ళ దాకా అందులో రాశారు. లైసెన్సు గోడకు తగిలించిన ప్రతి ఒక్కరూ ఆ షెడ్యూలు పాటిస్తామని సంతకం చేసినట్టే. చదివినవాళ్ళు ఎంతమంది? సరే, చేతులెత్తమని అడగను.

ఇక అసలు సంగతి. చట్నీ.

మీ అంగట్లో అన్నిటికన్నా ప్రమాదమైన పదార్థం ఏదని అడిగితే అందరూ చికెన్ అంటారు. చికెన్‌ను మీరు ఉడికిస్తారు. సాంబారు పొయ్యి మీదే ఉంటుంది, పొగలు కక్కుతూ ఉంటుంది. ఇడ్లీ ఆవిరిలో ఉడికి వచ్చింది. ఏ మంటా తగలనిది చట్నీ ఒక్కటే. తెల్లవారుజామున మూడున్నరకు టెంకాయ, పప్పులు, పచ్చిమిరపకాయ గ్రైండర్‌లో వేస్తారు. పలుచన చేయడానికి కొళాయి నీళ్ళు పోస్తారు. పైన తిరగవాత పెడతారు. ఆ వేడి పైపైనే, అడుగుదాకా పోదు. నేను ఒక అంగట్లో గంటసేపు కూర్చుని చూశాను. ఏ అంగడో చెప్పను. స్టీలు బకెట్టు నిండా చట్నీ. వడ్డించే అబ్బాయి గరిటె అందులోనే వదిలేస్తాడు, పిడి మునిగేదాకా. ఆ పిడి పట్టుకున్న చేత్తోనే బిల్లు డబ్బులు తీసుకుంటాడు. ఎనిమిదింటికి బకెట్టు సగమైంది. లోపల్నుంచి కొత్త చట్నీ తెచ్చి అందులోనే పోశారు. తొమ్మిదిన్నరకు మళ్ళీ పోశారు. పదిన్నరకు ఆ బకెట్టులో ఉన్నదాని వయసెంత? పైనున్నది గంట, అడుగునున్నది ఏడు గంటలు. అడుగుది పైదాన్ని కూడా చెడగొడుతుంది.

కాలం కలిసొస్తే ఒక క్రిమి ఇరవై నిమిషాలకు రెండవుతుంది. గంటకు ఎనిమిది. ఈ లెక్కన ఏడు గంటల్లో ఒక్కటి ఇరవై లక్షలు దాటుతుంది. మే నెలలో మన వంటిళ్ళ వేడికి వాటికి అంతకన్నా సుఖం ఏముంటుంది?

చేయాల్సింది ఏమంత కష్టం కాదు. గ్రైండర్ చిన్నదైనా సరే, రెండుసార్లకు బదులు కొంచెం కొంచెంగా నాలుగుసార్లు రుబ్బండి. కాచి చల్లార్చిన నీళ్ళతో పలుచన చేయండి. చిన్న గిన్నెలో వడ్డన దగ్గర పెట్టండి, మిగతాది ఫ్రిజ్‌లో ఉంచండి. గిన్నె ఖాళీ అయితే గిన్నెనే మార్చండి, పాతదాంట్లో కొత్తది పోయొద్దు. నేను చెప్పేవాటిలో ఒక్కటే పాటించే ఓపికుంది అనేవాళ్ళుంటే ఈ ఒక్కటి పాటించండి చాలు.

రెండోది పెరుగన్నం. ఇది మన ఊరికి ప్రత్యేకమైన సమస్య. అన్నం ఉడికితే క్రిములన్నీ చచ్చిపోయాయనుకుంటాం. బ్యాసిల్లస్ సీరియస్ అని ఒక క్రిమి ఉంది, బియ్యంతోనే మట్టినుంచి వస్తుంది. అది కష్టకాలంలో ఎండు గింజలా ముడుచుకుంటుంది. ఆ గింజ మన ఎసరుకు చావదు. అన్నం గోరువెచ్చగా అయ్యాక మొలకెత్తి పెరుగుతుంది, పెరుగుతూ విషం వదులుతుంది. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిరగవాత పెట్టినా పోదు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున ఎర్రగడ్డలు వేసి వేయించి ఫ్రైడ్ రైస్ అని పెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

మరి మన పెద్దలు చద్దన్నం తినలేదా అంటారు. తిన్నారు. అన్నం నీళ్ళలో నాని పులిసేది, ఆ పులుపు చాలా క్రిములను పెరగనివ్వదు. పులిహోర పార్సిలు ఎక్కువసేపు నిలిచేదీ చింతపండు పులుపు వల్లే. ఇప్పుడు మనం పెరుగన్నానికి ఏం చేస్తున్నాం? మధ్యాహ్నానికి పులిసిపోతే గిరాకీ మొహం చిట్లిస్తాడని, గోరువెచ్చని పాలు పోసి చెంచాడు పెరుగు తగిలిస్తున్నాం. రుచి కమ్మగా ఉంటుంది. కానీ కాపాడాల్సిన పులుపునే తీసేశాం. పైగా వెచ్చని అన్నం, వెచ్చని పాలు, గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బా. తెల్లారి ఐదింటికి కట్టిన ఆ డబ్బా రైల్లో పన్నెండింటికి తెరుస్తారు.

నా సలహా అడిగితే, ప్రయాణానికి కట్టే పెరుగన్నం గట్టి పెరుగుతోనే కలపండి, అన్నం పూర్తిగా చల్లారాకే కలపండి. డబ్బా మీద కట్టిన టైము రాసి, ఎన్ని గంటలలోపు తినాలో చెప్పండి. ఒక స్టిక్కరుతో పోయేదానికి బేరం తగ్గుతుందని భయపడొద్దు. పిల్లలున్న తల్లి ఆ స్టిక్కరు చూసి మీ దగ్గరికే వస్తుంది.

ఇంక అంకెలు. అన్నిట్లో మీరు నోటికి పట్టాల్సినవి కొన్నే. వేడిగా వడ్డించేది 60 డిగ్రీల పైన ఉండాలి. చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపుండాలి. గడ్డకట్టించినది మైనస్ 18. ఈ 5కీ 60కీ మధ్యే మన తంటాలన్నీ. వండినదాన్ని దాచాలంటే 60 నుంచి 21కి రెండు గంటల్లో దింపాలి, అక్కణ్నుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో. ఈ లెక్క రాసినాయన తిరుపతి ఎండ చూసి రాశాడో లేదో నాకు తెలియదు గానీ, మే నెలలో మన వంటింట్లో డేగిశా మూత తీసి పెడితే అది 21కి ఎప్పటికీ రాదు. బయటి గాలే 40 ఉంటుంది కదా. రాత్రి మిగిలిన నాటుకోడి పులుసునో బిరియాని గ్రేవీనో అట్లే పొయ్యి పక్కన పెట్టి, "పొద్దున మరగబెడదాంలే" అంటారు. లోతైన డేగిశా నడిమధ్యన తెల్లారేదాకా వెచ్చగానే ఉంటుంది. లోపల గాలి ఆడదు కాబట్టి క్లాస్ట్రీడియం అనే క్రిమికి అంతకన్నా మంచి చోటు దొరకదు. పెళ్ళిళ్ళలో, హాస్టళ్ళలో ఒకేసారి చాలామంది పడిపోయారంటే ఎక్కువసార్లు ఇట్లాంటి పెద్ద గిన్నెల దగ్గరే తేలుతుంది.

కాబట్టి వెడల్పు ట్రేలు కొనుక్కోండి. రెండంగుళాల మందంలో పరచండి. ఐసు నీళ్ళున్న తొట్టిలో ట్రే పెట్టి గరిటెతో కలుపుతుంటే అరగంటలో చల్లబడుతుంది, అప్పుడు ఫ్రిజ్‌లోకి. వేడి డేగిశాను నేరుగా ఫ్రిజ్‌లో తోసేస్తే అది చల్లారదు సరికదా, పక్కనున్న పాలూ మాంసమూ కూడా వెచ్చబడతాయి. ఫ్రిజ్‌లో పచ్చి మాంసం కింది అరలో, వండినవి పై అరలో. కారే నీళ్ళు కిందికే కారతాయి కాబట్టి. మళ్ళీ వేడి చేసేటప్పుడు నడిమధ్యన 75 డిగ్రీలు తాకాలి, అదీ ఒక్కసారే. రెండోసారి మిగిలితే పారేయండి.

ఇదంతా చేయి పెట్టి చూస్తే తెలియదు. 60 డిగ్రీలకూ 50కీ మన చేతికి తేడా ఏముంది, రెండూ కాలతాయి. గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనండి. అది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం సులువు. గ్లాసు నిండా ఐసు ముక్కలేసి, సందుల్లో నీళ్ళు పోసి, కలిపి గుచ్చితే సున్నా చూపించాలి. మరిగే నీళ్ళలోనూ చూడొచ్చు. ఇక్కడ కింద 100కి దగ్గరగా చూపిస్తుంది. తిరుమలలో అంగడి ఉన్నవాళ్ళు మాత్రం గాబరా పడొద్దు, అంత ఎత్తులో నీళ్ళు సుమారు 97కే మరుగుతాయి. థర్మామీటరు చెడిపోలేదు.

చూసింది పుస్తకంలో రాయాలి. టైము, పదార్థం, డిగ్రీలు, చూసినవాళ్ళ పేరు. అంతే, నాలుగు గీతల నోటుబుక్కు. ఈ పుస్తకాలు నేను చాలా చూశాను. కొన్ని ఎంత అందంగా ఉంటాయంటే, నెలంతా ఒకే పెన్ను, ఒకే దస్తూరి, రోజూ 65, 65, 65. (నవ్వులు) నెలాఖరున టీవీ చూస్తూ నింపినట్టు తెలిసిపోతుంది. నిజం పుస్తకంలో ఒకరోజు 71 ఉంటుంది, ఒకరోజు 54 ఉంటుంది, ఆ 54 పక్కన "మళ్ళీ వేడి చేశాం" అని గజిబిజిగా రాసి ఉంటుంది, మీద సాంబారు మరక ఉంటుంది. నాకు ఆ మరకున్న పుస్తకం మీదే నమ్మకం.

మన పక్క జిల్లాలోనే దీనికి నమూనా ఉంది. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి కదా. మన తోతాపురి గుజ్జు డబ్బాల్లో విదేశాలకు పోతుంది. ఒక్కో డబ్బా మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. ఆ బ్యాచ్ ఎంత వేడిలో ఎంతసేపు ఉందో ఫ్యాక్టరీలో కాగితం ఉంటుంది. అక్కడెక్కడో ఒకాయనకు అనుమానం వస్తే, ఇక్కడ ఏ రోజు కాయ ఏ మిషన్లో పడిందో తీసి చూపిస్తారు. దీన్ని హాసప్ పద్ధతి అంటారు. 1960లలో అమెరికాలో అంతరిక్షంలోకి పోయేవాళ్ళ తిండి కోసం పిల్స్‌బరీ కంపెనీ, నాసా కలిసి తయారుచేశాయి. అంతరిక్షంలో విరేచనాలైతే పరిస్థితేంటో ఊహించుకోండి. తిన్నాక తెలుసుకుందామంటే కుదరదు కాబట్టి, వంట దారిలో ఎక్కడెక్కడ తప్పు జరగొచ్చో ముందే గుర్తుపెట్టుకుని అక్కడ కాపలా పెట్టారు. తిన్నవాడి కబురు అందని మనకూ పనికొచ్చేది అదే.

మామిడి మాట వచ్చింది కాబట్టి జ్యూస్ అంగళ్ళవాళ్ళకు ఒక ముక్క. కార్బైడ్‌తో మాగబెట్టిన కాయలు అమ్మడం నిషేధం. ఎథిలీన్ వాయువుతో, 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల వంతుల్లో నూరు వంతుల వరకు, మాగబెట్టొచ్చు. పైన పసుపుపచ్చగా మెరుస్తూ లోపల పులుపు తగ్గని కాయల గంప చవగ్గా వచ్చిందని సంబరపడొద్దు.

ఇప్పుడు కొంచెం ఇబ్బంది పెట్టే సంగతి. మీ పనివాళ్ళు.

షెడ్యూలు ప్రకారం వంటలో, వడ్డనలో ఉన్నవాళ్ళందరికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ లాంటివాటికి టీకా వేయించాలి. సర్టిఫికెట్లు ఫైల్లో ఉండాలి. ఇంతవరకు చాలామంది చేస్తున్నారు. కానీ పరీక్ష జనవరిలో అయితే జూన్‌లో విరేచనాలు రావా? వాంతులు, విరేచనాలు, జ్వరం, చేతికి చీముపట్టిన గాయం ఉన్నవాళ్ళను తిండి ముట్టనివ్వకూడదని రాసి ఉంది. బాగుంది. మరి మీ అంగట్లో పిండి రుబ్బే అబ్బాయికి కడుపు చెడితే మీకు చెబుతాడా? వాడిది రోజుకూలి. చెబితే ఇంటికి పొమ్మంటారు, ఆ రోజు డబ్బులు పోతాయి. అందుకని రెండు మాత్రలు మింగి, ఏమీ కానట్టు వచ్చి పిండిలో చెయ్యి పెడతాడు. తప్పు ఆ అబ్బాయిదా? జబ్బు చెప్పినవాళ్ళ కూలి కోసే యజమాని ఆ జబ్బును డబ్బిచ్చి వంటింట్లోకి తెచ్చుకుంటున్నాడని నేనంటాను. జ్వరమొచ్చిన రోజు కూలి ఇచ్చి పడుకోబెట్టండి. లేదా ఆ రోజు గల్లాలో పనివ్వండి, పార్కింగులో నిలబెట్టండి. లక్ష రూపాయల స్టీలు టేబుళ్ళకన్నా ఈ ఒక్క అలవాటు ఎక్కువ కాపాడుతుంది. (ఎవరో: "వాళ్ళు దొంగ సెలవులు పెడతారు మేడమ్.") పెడతారు. ఒకరిద్దరు పెడతారు. వాళ్ళకిచ్చే కూలి ఎంత, నూరుమంది పడిపోతే మీకయ్యే ఖర్చెంత? చట్టంలో 65వ సెక్షను చూడండి. తిండి వల్ల మనిషి చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలకు తగ్గకుండా పరిహారం కట్టాలి.

చెయ్యి కడిగేచోట సబ్బు ఉందా అని చూస్తే సగం తెలిసిపోతుంది. బాత్రూము నుంచి వచ్చినప్పుడు, పచ్చి మాంసం ముట్టాక, డబ్బులు ముట్టాక. ఇంక మసిగుడ్డ. పొయ్యి దగ్గర డేగిశా దింపేదీ, బల్ల తుడిచేదీ, చెమట తుడుచుకునేదీ, ప్లేట్లు తుడిచేదీ ఒకటే గుడ్డ. దాన్ని ఈ రోజే పారేసి, పనికో రంగు గుడ్డ పెట్టండి, రోజూ వేణ్నీళ్ళలో ఉడకేయండి.

నీళ్ళు. కొళాయిలో కల్యాణి డ్యామ్ నీళ్ళొచ్చినా తెలుగుగంగ నీళ్ళొచ్చినా మున్సిపాలిటీ శుద్ధి చేసే పంపుతుంది. తర్వాత అవి పడేది మీ సంపులో. దాన్ని కడిగింది ఎప్పుడు? ఎండాకాలం ట్యాంకరు తోలించుకునేవాళ్ళు నీళ్ళను ల్యాబులో పరీక్ష చేయించి రిపోర్టు పెట్టుకోండి. కొత్తిమీర, కీరకాయ లాంటి పచ్చివి కడగడానికి 50 పీపీఎం క్లోరిన్ అని షెడ్యూల్లో ఉంది. దానికి లెక్క చెబుతాను, రాసుకోండి: తిండికి వాడదగ్గ 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం పది లీటర్ల నీళ్ళకు పది మిల్లీలీటర్లు. కలిపి నానబెట్టి, మళ్ళీ మంచినీళ్ళతో కడగాలి.

నూనె గురించి అందరికీ తెలుసు, ఎవరూ పాటించరు, కాబట్టి తొందరగా చెప్పేస్తాను. టోటల్ పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె మళ్ళీ మళ్ళీ కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన. బొండాల మూకుట్లో నూనె నల్లబడి, నురగ తేలి, పొగ ముందే వస్తుంటే ఇక దించేయండి. కాలువలో పోయొద్దు, బండివాళ్ళకు చవగ్గా అమ్మొద్దు. బయోడీజిలు చేసేవాళ్ళు కొనుక్కుంటారు. న్యూస్‌పేపర్లో వడలు కట్టడం ఆపేయండి. అరిటాకులు మనకు కరువా?

ఇన్‌స్పెక్షన్ గురించి భయం వద్దు, తెలిసి ఉండటం అవసరం. శుభ్రత లేకపోతే 56వ సెక్షను కింద లక్ష దాకా జరిమానా ఉంది. కానీ లోపాలు సరిచేసుకోమని ముందు నోటీసు ఇవ్వడానికి 32వ సెక్షను ఉంది, అందులో కనీసం పద్నాలుగు రోజుల గడువు ఇవ్వాలి. శాంపిలు తీస్తే నాలుగు భాగాలు చేస్తారు. మీరు అడిగితే ఒక భాగాన్ని గుర్తింపు పొందిన వేరే ల్యాబుకు పంపించాలి. ఆ హక్కు సంగతి చాలామందికి తెలియదు, అక్కడికక్కడే అడగాలి. రిపోర్టు మీద అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. మీ నోటుబుక్కు అప్పుడు మీ తరఫున మాట్లాడుతుంది, సాంబారు మరకతో సహా.

ప్రశ్నలుంటే అడగండి.

(తోపుడుబండి నడిపే ఒకామె: "మేడమ్, మాది దోశల బండి. కొళాయి లేదు, ఫ్రిజ్ లేదు. ఇవన్నీ మాకెట్లా అవుతాయి?")

బాగా అడిగావమ్మా. నీకు ఫ్రిజ్ లేకపోవడం ఒక రకంగా మేలే. దాచుకోవడానికి చోటు లేదు కాబట్టి దాచవు. మిగిలిందాన్ని రేపటికి తీసుకురావద్దు, అంతే. దోశ పెనం మీదినుంచి నేరుగా ప్లేటులోకి పోతుంది కాబట్టి దానితో గొడవ లేదు. నీ సమస్యలు రెండు, చట్నీ, ప్లేట్లు కడిగే నీళ్ళు. చట్నీ సంగతి చెప్పాను. నీకైతే టెంకాయ చట్నీ బదులు చింతపండు పడిన ఎర్రకారం మేలు, మన వైపు వాళ్ళు ఇష్టంగానే తింటారు. నీళ్ళకు, కింద కుళాయి బిగించిన ఇరవై లీటర్ల క్యాను ఒకటి పెట్టుకో. చెయ్యి ముంచితే నీళ్ళు పాడవుతాయి, కుళాయి కింద పెడితే పాడవవు. ప్లేట్లను ఒకే బకెట్టులో ముంచి తీయొద్దు, ప్లేటు మీద అరిటాకు వేసి పెట్టు, కడిగే పనే తగ్గుతుంది. రిజిస్ట్రేషన్ చేయించుకున్నావా? 2011లో నిబంధనలు వచ్చినప్పుడు చిన్నవాళ్ళకు ఏడాదికి వంద రూపాయలు పెట్టారు. పెద్ద ఖర్చేమీ కాదు. ఆధార్, ఫోటో పట్టుకుని నెట్ సెంటర్‌కు పో. ఏజెంటు వేలు అడిగితే ఇవ్వొద్దు.